క్రొత్త టోకెనులును, వాని ప్రకటనలును

గడచిన సంవత్సరము మా పాఠశాలలోని పదవ తరగతి బాలుఁ డొకఁడు గణితపాఠము ముగిసిన పిదప నాయొద్దకు వచ్చి యొక కాగితపు ముక్కను చూపెను. తన యన్న టెలిఫోనులో చూచిన యొక ప్రకటనను వాఁడు దానిపై వ్రాసికొని వచ్చెను. ఏదియో యొక క్రొత్త క్రిప్టో టోకెను ఒక్క దినములో 300 శాతము పెరిగినదనియు, త్వరపడినవారే భాగ్యవంతు లగుదురనియు దాని సారాంశము. అన్న పట్టణమున నొక దుకాణములో పనిచేసి కూడఁబెట్టిన 2,000 రూపాయలను అందు పెట్టఁదలఁచెనఁట. “మాష్టరుగారూ, ఈ మున్నూఱు శాతము అబద్ధమా?” అని బాలుఁ డడిగెను. “అబద్ధము కాకపోవచ్చును, చిక్కంతయు అందులోనే యున్నది” అని చెప్పితిని. అంతలో గంట మ్రోగుటచే నా యుత్తరము సగములో నిలిచిపోయెను. దానిని పూర్తిచేయుటకే యీ వ్యాసము.

టోకెను స్వరూపము

2008 అక్టోబరు 31వ తేదీని సతోషి నకమొటో అను పేరుతో బిట్‌కాయిన్ అను ద్రవ్యమును గూర్చిన యొక పత్రము వెలువడెను. 2009 జనవరి 3వ తేదీని దాని లెక్కపుస్తకపు మొదటి పుట వ్రాయఁబడెను. ఈ లెక్కపుస్తకమునకే బ్లాక్‌చెయిన్ అని పేరు. బ్యాంకులో మన జమాఖర్చులను బ్యాంకువారు వ్రాయుదురు. ఇచ్చట నట్లు గాక, లోకమంతటను గల వేలకొలఁది కంప్యూటర్లు ఒకే లెక్కను తమతమయొద్ద నుంచుకొని, యొకదానితో నొకటి సరిచూచుకొనుచుండును. ఒకసారి వ్రాసిన దానిని పిమ్మట దిద్దుట మిక్కిలి కష్టము.

2015 జూలై 30వ తేదీని ఇథీరియం అను మఱియొక లెక్కపుస్తకము ప్రారంభమయ్యెను. ఇందు అంకెలు మాత్రమే గాక నియమములను గూడ వ్రాసి యుంచవచ్చును. ఆ నియమములు తమంతట తామే అమలు జరుగును. అదే సంవత్సరము నవంబరులో ఇ.ఆర్.సి.-20 అను నమూనా యొకటి ప్రతిపాదింపఁబడెను. ఆ నమూనా ననుసరించి యెవ్వరైనను తమ యిష్టము వచ్చిన పేరుతో, ఇష్టము వచ్చిన సంఖ్యలో ద్రవ్యమును సృష్టించుకొనవచ్చును. అట్టి దానినే టోకెను అందురు. బిట్‌కాయిన్ స్వంత యింటిలో నున్నది. టోకెను ఒరుల యింటిలో అద్దెకున్నది.

టోకెనులన్నియు వ్యర్థములని చెప్పుట న్యాయము కాదు. కొన్నింటితో ఒక సేవకు రుసుము చెల్లింపవచ్చును. కొన్నింటి వెనుక డాలర్ల నిలువ యుండును. కాని యొక సంగతి మఱువరాదు. నూఱు టోకెనులను సృష్టించుటకును, నూఱుకోట్ల టోకెనులను సృష్టించుటకును పట్టు శ్రమ యొక్కటియే. వడ్లు పండించువానికి పండించుట కష్టము, అమ్ముట దానికంటె తేలిక. టోకెను చేయువానికి చేయుట తేలిక. దానిని ఇతరులు కోరునట్లు చేయుట మాత్రము కష్టము. కనుకనే యీ వ్యాపారమున సరకుకంటె ప్రకటనకే ప్రాధాన్యము కలిగినది.

పెద్ద తలుపులు మూసికొనుట

2017వ సంవత్సరమున క్రొత్త టోకెనుల తొలి అమ్మకములు వెల్లువవలె వచ్చెను. వానిలో మోసములు ప్రబలుటచే 2018 జనవరి 30వ తేదీని ఫేస్‌బుక్ అట్టి ప్రకటనలను నిషేధించెను. మార్చి 14వ తేదీని గూగుల్ సంస్థయు, అదే నెల 26వ తేదీని ట్విట్టర్ సంస్థయు ఆ త్రోవనే పట్టినవి. పిమ్మట నీ నిషేధములు కొంత సడలినవి. గూగుల్ 2021లో, ప్రభుత్వముయొద్ద నమోదైన మారకశాలలకును వాలెట్లకును అమెరికాలో అనుమతి నిచ్చెను. టోకెనుల తొలి అమ్మకములకు మాత్రము తలుపు తెఱవలేదు.

ఒక కాలువకు అడ్డుకట్ట వేసిన నీరు వేఱొక కాలువను వెదకికొనును గదా. క్రిప్టో ప్రకటనలకొఱకే ప్రత్యేకముగా వెలసిన సంస్థలు అంతకుముందే కొన్ని యుండెను. ఎ-ఆడ్స్, బిట్‌మీడియా, కాయిన్‌ట్రాఫిక్, కాయిన్‌జిల్లా అనునవి యిట్టివి. పెద్ద తలుపులు మూసికొన్న పిదప నిట్టివాని యవసరము హెచ్చినది.

ప్రకటన సంస్థల పని

ఈ యేర్పాటులో ముగ్గురు పాత్రధారులు గలరు. తన టోకెనును నలుగురకు తెలుపఁగోరువాఁడు ప్రకటనకర్త. నాణెముల ధరలను చూపు పుటలు, క్రిప్టో వార్తాపత్రికలు, లెక్కపుస్తకమును చదివి చూపు సాధనములు, ఆటలు మొదలగువానిని నడపుచు తన పుటలో కొంత చోటును అద్దె కిచ్చువాఁడు స్థలదారు. వీరిద్దఱి నడుమ నిలిచి, ప్రకటనను వందలకొలఁది చోట్లకు పంపి, సొమ్ము వసూలుచేసి, తన భాగము నుంచుకొని, మిగిలినది స్థలదారున కిచ్చునది ప్రకటన సంస్థ.

సొమ్ము చెల్లించు పద్ధతులు మూఁడు. ప్రకటన వేయిమాఱులు కంటఁబడిన నింత యనునది మొదటిది. చూచినవాఁడు దానిని నొక్కిన నింత యనునది రెండవది. నొక్కినవాఁడు సొమ్ము పెట్టి కొనిననే యింత యనునది మూఁడవది. ప్రకటన రూపములును పలువిధములు. పుట పైభాగమున కనఁబడు బ్యానరు ఒకటి. వార్తవలె వ్రాయఁబడి, మూలలో చిన్న యక్షరములతో ‘ప్రాయోజితము’ అని యుండునది మఱియొకటి. ఈ రెండవదానిని వార్తగా పొరఁబడువారే పెక్కుమంది.

ఇట్టి సంస్థల గొప్ప సదుపాయ మేమనఁగా, వాని పుటలను చూచువారిలో పెక్కుర యొద్ద వాలెట్టు అనఁబడు క్రిప్టో సంచి యిదివఱకే యుండును. లెక్కపుస్తకము బహిరంగమైనది గనుక, ఏ సంచిలో నేమి యున్నదో చూచి, దాని ననుసరించి ప్రకటనలను పంపు సంస్థలును గలవు. బియ్యము కొనువానికి బియ్యపు ప్రకటన చూపుట తప్పు కాదు. కాని సంచిలో సొమ్మున్నదని యెఱిఁగి వచ్చువాఁడు మేలు చేయవచ్చినాఁడో, కీడు చేయవచ్చినాఁడో సంచిగలవాఁడు కనిపెట్టవలసి యుండును.

ప్రకటన ఖర్చు లెక్క

ఇప్పు డొక లెక్క వేయుదము. ఇందలి యంకెలు ఊహించినవి. మార్గము మాత్రము నిజమైనది. ఒకఁడు 1,00,000 రూపాయలు ప్రకటనలకు వినియోగించె ననుకొందము. వేయి దర్శనములకు 200 రూపాయల చొప్పున అతనికి 5,00,000 దర్శనములు లభించును. వేయింటికి ఇద్దఱు నొక్కినయెడల, నొక్కినవారు 1,000 మంది. వారిలో నూటికి ఇద్దఱు కొన్నయెడల, కొన్నవారు 20 మంది. అనఁగా ఒక్కొక కొనుగోలుదారుని రప్పించుటకు 5,000 రూపాయలు వ్యయమైనవి.

ఈ 5,000 రూపాయలు ఎవరు భరింతురు? టోకెను వెనుక నిజమైన సేవ యుండి, కొన్నవాఁడు ఏండ్ల తరబడి దానిని వాడుచు స్వల్ప రుసుములు చెల్లించుచుండిన, ఆ ఖర్చు క్రమముగా తీరిపోవును. అట్టి సేవ లేనియెడల తీరుటకు రెండే మార్గములు: కొన్నవాని మూలధనమునుండి తీసికొనుట, లేదా వానిచేతనే మఱికొందఱిని పిలిపించి వారి మూలధనమునుండి తీసికొనుట. కావున క్రొత్త టోకెను ప్రకటనను చూచినపుడు వేసికొనవలసిన మొదటి ప్రశ్న యిది: ఈ ప్రకటనకైన సొమ్ము తుదకు ఎవరి జేబునుండి వచ్చును?

మున్నూఱు శాతపు మర్మము

ఇఁక బాలుని ప్రశ్నకు వత్తము. క్రొత్త టోకెనులు సాధారణముగా పెద్ద మారకశాలలలో గాక, ‘ఉమ్మడి నిధి’ పద్ధతిచే అమ్ముడుపోవును. 2018 నవంబరులో వెలసిన యూనిస్వాప్ వలన నీ పద్ధతి వ్యాపించెను. నిధిలో ఒకవైపు టోకెనులు, ఒకవైపు ద్రవ్యము ఉండును. రెంటి సంఖ్యలను గుణించిన వచ్చు లబ్ధము మాఱకుండవలెననునదే దాని నియమము. నిధిలోని చిన్న రుసుమును విడిచిపెట్టి, సులభముగా తెలియుటకు ద్రవ్యమును రూపాయలలో చెప్పుదము.

ఒకఁడు 10,000 టోకెనులు సృష్టించి, 9,000 తనయొద్ద నుంచుకొని, 1,000 టోకెనులను 1,000 రూపాయలను నిధిలో వేసెను. లబ్ధము 10,00,000, టోకెను వెల 1 రూపాయి. మఱునాఁడు వేఱొక పేరుతో అతఁడే 1,000 రూపాయలు పెట్టి తన టోకెనులను తానే కొనెను. నిధిలో 2,000 రూపాయ లయ్యెను గాన, నియమము ప్రకారము టోకెనులు 500 మాత్రమే మిగులవలెను. తక్కిన 500 అతని సంచికి చేరినవి. ఇప్పుడు వెల 2,000ను 500చే భాగింపఁగా 4 రూపాయలు. ఒక్క దినములో 300 శాతము పెరిగినది! ప్రకటనలో నొక్క యంకెయు అబద్ధము లేదు. అంతేకాదు, 10,000 టోకెనులను 4చే గుణించి, ‘మొత్తము విలువ 40,000 రూపాయలు’ అనియు చాటవచ్చును. నిధిలో నున్నవి మాత్రము 2,000 రూపాయలే.

ఆ ప్రకటనను చూచి మన బాలుని యన్న 2,000 రూపాయలు పెట్టె ననుకొందము. నిధిలో 4,000 రూపాయలు, 250 టోకెనులు ఉండును. అన్నకు 250 టోకెనులు వచ్చును. వెల 16 రూపాయలకు ఎగురును. ఆ రాత్రి అన్న తాను పెట్టినది రెట్టింపైనదని సంతోషించును. తెల్లవాఱునప్పటికి సృష్టికర్త 750 టోకెనులను నిధిలో అమ్మివేయును. నిధిలో టోకెనులు 1,000, రూపాయలు 1,000. అతనికి ముట్టినవి 3,000. అన్న భయపడి తన 250 టోకెనులను అమ్మఁగా నిధిలో టోకెనులు 1,250, రూపాయలు 800. అన్నకు ముట్టినవి 200 రూపాయలు మాత్రమే.

జమాఖర్చు చూడుఁడు. అన్న పెట్టినది 2,000, వచ్చినది 200, నష్టము 1,800. సృష్టికర్త నిధిలో వేసినది 1,000, తానే కొన్నది 1,000, మొత్తము 2,000. అతనికి వచ్చినవి 3,000; నిధిలో మిగిలిన 800ను గూడ అతఁడే తీసికొనును; మొత్తము 3,800. లాభము 1,800. ఒకని నష్టమెంతయో మఱియొకని లాభమంతే. నడుమ గింజ పండలేదు, నూలు వడకఁబడలేదు, ఎవరి దాహమును తీఱలేదు. సత్యమైన యంకె యొక్కటి దుకాణములో పనిచేయు చిన్నవాని జీతమును ఒక చేతినుండి మఱియొక చేతికి మార్చినది. అబద్ధము చెప్పకుండ మోసము చేయుట యన నిదియే.

జరిగిన ఉదాహరణములు

ఇది యూహ మాత్రమే యని యెవరైనఁ దలఁపవచ్చును. అమెరికాలో సెంట్రా టెక్ అను సంస్థ 2017లో రెండున్నర కోట్ల డాలర్లకు పైగా వసూలుచేసెను. తన కార్డులకు వీసా, మాస్టర్‌కార్డ్ సంస్థల తోడ్పాటు గలదని చాటెను, అది యసత్యము. ఆ టోకెనును పొగడుటకు ముష్టియోధుఁడు ఫ్లాయిడ్ మేవెదర్ 1,00,000 డాలర్లు పుచ్చుకొని, ఆ సంగతి దాఁచెనని 2018 నవంబరులో అచ్చటి సెక్యూరిటీల సంఘము అభియోగము మోపెను. ఆయన సొమ్ము చెల్లించి వ్యవహారమును పరిష్కరించుకొనెను. 2022 అక్టోబరు 3వ తేదీని కిమ్ కార్డషియన్ విషయమునను అట్లే జరిగెను. ఇథీరియంమాక్స్ అను టోకెనును గూర్చి యొక ప్రకటన వేయుటకు ఆమె పుచ్చుకొన్నది 2,50,000 డాలర్లు. దానిని వెల్లడింపనందున చెల్లించుట కొప్పుకొన్నది 12,60,000 డాలర్లు.

2021లో ‘స్క్విడ్’ అను టోకెను ఒక ప్రసిద్ధ కొరియా నాటకమాలిక పేరును అనుమతి లేకయే పెట్టుకొని బయలుదేఱెను. నవంబరు 1వ తేదీని దాని వెల 2,800 డాలర్లు దాఁటి, నిమిషములలో దాదాపు సున్నకు పడిపోయెను. కొన్నవారు తిరిగి అమ్మఁబోయినను అమ్మలేకపోయిరి. ధర యేల అంతగా పెరిగినదో దీనిచేతనే తెలియును: కొనుటకు ద్వారము తెఱచి యున్నది, అమ్ముటకు మూసి యున్నది.

ప్రకటనయే దొంగ యగుటయు గలదు. 2022 మే నెలలో కాయిన్‌గెకో, ఈథర్‌స్కాన్ మొదలగు పేరుగల పుటలలో, సంచిని తెఱచి చూపుమని యడుగు కపటపు కిటికీ యొకటి కనఁబడెను. ఒక ప్రకటన సంస్థ ద్వారా వచ్చిన ప్రకటనలో దాఁగిన దుష్టలిపి దానికి కారణము. పెద్ద సంస్థల ద్వారములును నిర్దోషములు కావు. 2023లో తొమ్మిది నెలలపాటు గూగుల్, ఎక్స్ ప్రకటనలగుండ నడచిన యొక కపటసాధనము 63,000 మందికి పైగా జనుల సంచులనుండి సుమారు 5 కోట్ల 90 లక్షల డాలర్లు హరించినదని స్కామ్ స్నిఫర్ అను పరిశోధక బృందము ఆ డిసెంబరులో వెల్లడించెను. పత్రిక మంచిదైనంత మాత్రమున అందలి ప్రకటన మంచిది కానేరదు.

నియమములు

మన దేశమున ప్రకటనల ప్రమాణ మండలి 2022 ఫిబ్రవరిలో నియమములను ప్రకటించి, ఏప్రిల్ 1వ తేదీనుండి అమలుపఱచెను. ఇట్టి ప్రతి ప్రకటనలోను, ఇవి నియంత్రణ లేనివనియు, మిక్కిలి ప్రమాదకరములు కావచ్చుననియు స్పష్టముగా హెచ్చరింపవలెను. ‘కరెన్సీ’ అను పదమును వాడరాదు. లాభము తప్పదని మాట యీయరాదు. బాలబాలికలు ఈ వ్యవహారము చేయుచున్నట్లు చూపరాదు. అన్నిటికంటె ముఖ్యమైనది: పండ్రెండు నెలలకు తక్కువైన కాలపు లాభములను ప్రకటనలో చూపనే రాదు. మన బాలుఁడు తెచ్చిన ‘ఒక్క దినములో 300 శాతము’ను ఈ యొక్క నియమమే త్రోసివేయును. అంకె సత్యమైనను దాని యర్థము అసత్యము కావచ్చునని నియమము చేసినవారు గ్రహించిరి.

ఆ సంవత్సరమే మన ప్రభుత్వము ఇట్టి యాస్తుల లాభముపై 30 శాతము పన్ను విధించి, ఒక టోకెనుపై వచ్చిన నష్టమును మఱియొకదాని లాభమునుండి తీసివేయుట కొప్పుకొనలేదు. పన్ను వేయుట యనఁగా మెచ్చుకొనుట కాదని విద్యార్థులు గమనింపవలెను. ఇంగ్లండులో 2023 అక్టోబరు 8వ తేదీనుండి, మొదటిసారి కొనువాఁడు 24 గంటలు ఆఁగి యాలోచించుకొనవలెననియు, స్నేహితుని తెచ్చిన బహుమాన మిత్తుమని యాశ పెట్టరాదనియు నియమము వచ్చెను.

అయినను, పేరు చెప్పని మనుష్యుఁడు, చోటు తెలియని దేశమునుండి, క్రిప్టో ద్రవ్యముతోనే చెల్లించి వేయించిన ప్రకటనపై ఏ దేశపు నియమమైనను చేయిచాఁచుట కష్టము. అచ్చట చదువరి బుద్ధియే కావలి.

నిజాయితీపరుని మార్గము

మంచి పనికొఱకు టోకెను నిర్మించి దానిని నలుగురకు తెలుపఁగోరువాఁడు ఏమి చేయవలెను? తన పేరును ఊరును వ్రాయవలెను. మొత్తము టోకెను లెన్ని, తానుంచుకొన్న వెన్ని, వానిని ఎన్నినాళ్లవఱకు అమ్మకుండ కట్టుబడి యుండునో చెప్పవలెను. పొగడువారికి ఎంత చెల్లించెనో దాఁపరాదు. ధర పెరుగు ననుటకు మాఱుగా, ఆ సాధనము దేనికి పనికివచ్చునో వివరింపవలెను. ఎందఱు నొక్కిరని గాక, ఆఱు నెలల పిదప ఎందఱు దానిని ఇంకను వాడుచున్నారని లెక్కింపవలెను. ఇట్టివానికి ప్రకటన సంస్థ మంచి పనిముట్టే. ఇవి చెప్పుటకు జంకువానికి అది గాలము.

చదువరులు తమకుతాము వేసికొనవలసిన ప్రశ్నలును ఇవియే: చేసినవారెవరు? వారియొద్ద నెంత యున్నది? నిధిని వారు తీసికొనిపోకుండ అడ్డేమి? నేను రేపు అమ్మఁదలఁచిన అమ్మఁగలనా? నా తరువాత ఎవ్వరును రాకపోయిన దీనికి విలువ యేమి? చివరి ప్రశ్నకు జవాబు లేనిచోట చేతి సొమ్మును కదపకుండుట క్షేమము.

ఇసుకమీఁద నొకఁడు, బండమీఁద నొకఁడు ఇల్లు కట్టిన కథను మనము ఉదయపు ప్రార్థనలలో పలుమాఱులు వింటిమి. వాన రానంతవఱకు ఆ రెండిండ్లును ఒక్కరీతిగనే కనఁబడును. ప్రకటన యెప్పుడును ఎండకాచిన దినమునాఁటి చిత్రమునే చూపును. పునాదిని త్రవ్వి చూచుట మన పని.

బాలుఁడు పై లెక్కను తన నోటుపుస్తకములో వేసికొని యింటికి తీసికొనిపోయెను. ఆ టోకెను చేసినవారి పేరుకొఱకు అన్నదమ్ములిద్దఱును రెండు రాత్రులు వెదకిరఁట, దొరకలేదు. ఆ 2,000 రూపాయలు నేఁటికిని పోస్టాఫీసు పుస్తకములోనే యున్నవి.